మెక్సికోలో యాభై నిమిషాలు

విమానాశ్రయంలో పొడుగు వరసలు తప్పించే కార్డు గడువు తీరిపోతే, కొత్తదానికి ఇంటర్వ్యూ పద్నాలుగు నెలల తర్వాతేనన్నారు. విదేశం నుంచి దిగినవాళ్ళకి అక్కడికక్కడే చేస్తారని విని, విల్మా పొద్దున్న మెక్సికో వెళ్ళి సాయంత్రానికి హ్యూస్టన్‌లో దిగింది.

ఆఫీసరు డెల్గాడో పాస్‌పోర్టు తిరగేశాడు. "అక్కడ ఎంతసేపున్నారు?"

"యాభై నిమిషాలండీ."

"సముద్రం చూళ్ళేదా?"

"బాత్రూమ్ చూశాను."

"సామాను?"

"ఈ చేతిసంచీ ఒక్కటే."

"అక్కణ్ణుంచి తిరుగు విమానం ఎన్నింటికి దొరికింది?"

అన్నీ కాగితం మీద రాసుకుంటున్నాడు. విల్మాకి అర్థమైపోయింది. తనని స్మగ్లరనుకుంటున్నాడు, కార్డు పోయినట్టే.

"నిజం చెప్పేస్తా బాబూ. ఈ ఇంటర్వ్యూ కోసమే వెళ్ళొచ్చాను."

"తెలుసు మేడమ్. మీది ఎప్పుడో ఓకే చేసేశాను." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది నా కోసం. నా కార్డే పదకొండు నెలలుగా తేలటం లేదు. నన్ను నేనే ఇంటర్వ్యూ చేసుకోకూడదట."