హవానా నుంచి ఎనిమిది గంటలు

"పావురం దిగే వేళకు డాబా మీద తెల్లచొక్కాలు ఆరేస్తావా చెల్లెమ్మా? బెదిరి పక్క వీధికి పోతుంది," అన్నాడు రిగోబెర్తో, తన పిట్టగోడ మీంచి వంగి. ఆ వీధిలో పావురాల పందేలు ఆడేవాళ్ళలో అతనే పెద్ద.

నెరెయిదా చివరి చొక్కాకు కూడా క్లిప్పు పెట్టింది. అవన్నీ ఆమె భర్త ఎవేలియోవి.

"వచ్చేదైతే బెదరదు అన్నయ్యా. మీ బావ పెంపకం అది."

ఎవేలియోకు ఆ ఉదయమే హవానాలో గుండె ఆపరేషన్. ఆరింటికి లోపలికి తీసుకెళ్తామనీ, తొమ్మిదికల్లా ఏ సంగతీ తేలిపోతుందనీ డాక్టర్లు ముందే చెప్పారు. తుఫాను వచ్చి వెళ్ళినప్పటినుంచి తమ ఊరు కమగ్వేలో ఫోన్లు పనిచేయడం లేదు. అందుకే అతను తన బూడిదరంగు ఆడపావురాన్ని బుట్టలో వెంట తీసుకెళ్ళి, చెల్లెలు మిగ్దాలియాకు అప్పగించాడు. కబురు దాని రెక్కల మీదే అని వీధంతటికీ తెలుసు.

దూరం లెక్క నెరెయిదాకు నోటికొచ్చు. విమానానికి గంటన్నర, బస్సుకు ఒక పగలంతా. పావురానికి రోడ్డు మలుపులు లేవు. సూటిగా ఐదువందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఎదురుగాలి లేకపోతే నిమిషానికి కిలోమీటరు. తొమ్మిదింటికి వదిలితే ఐదు దాటిన కాసేపటికి ఇక్కడుండాలి.

"దానికి ఏడేళ్ళు," అన్నాడు రిగోబెర్తో. "కిందటేడు నా కుర్రవాటిని పదకొండింటిని వదిలితే నాలుగే ఇల్లు చేరాయి."

"మీవి దారిలో పెళ్ళిచూపులకు ఆగుతాయి. మాది హవానా నుంచి తొమ్మిదిసార్లు ఎగిరింది, తొమ్మిదిసార్లూ వచ్చింది. వదిలితే రాకుండా ఉండదు."

నాలుగున్నరకు అతను మొక్కజొన్న గింజల డబ్బా తెచ్చి గోడ మీంచి అందించాడు. ఆ గలగల వింటే ఏ పావురమైనా ఆకాశంలో జాగుచేయదు. నెరెయిదా డబ్బా తీసుకుంది గాని ఆడించలేదు. ఒళ్ళో పెట్టుకుని పడమటి వైపు చూస్తూ కూర్చుంది.

ఐదుంబావుకు అక్కడొక చుక్క కనిపించింది. ఆమె లేచి దండెం తాడును గట్టిగా పట్టుకుంది. చుక్క దగ్గరికొచ్చి, రెక్కలు చాచి, గుండ్రంగా తిరిగింది. రాబందు. ఆమె ఊపిరి వదిలింది.

ఇంకా వెలుగుంది కదా అని రిగోబెర్తో ఓదార్చాడు.

ఆరయింది. ఆరున్నరయింది. చర్చి గంటస్తంభం వెనక్కి సూర్యుడు దిగిపోయాడు. పావురాలు చీకట్లో ఎగరవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. రిగోబెర్తో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"దారిలో గద్ద పట్టి ఉంటుంది చెల్లెమ్మా. అప్పుడే ఏమీ అనుకోకు."

"గద్దకు దొరికే పిట్ట కాదన్నయ్యా అది. దాన్ని అసలు వదల్లేదు."

అతను తల దించుకున్నాడు. నెరెయిదా చొక్కాలు ఒక్కొక్కటే తీసి, దులిపి, చేతి మీద వేసుకుంది. గింజల డబ్బా తిరిగిచ్చి, కాఫీ పెడుతున్నాను కిందికి రమ్మంది. మెట్ల దగ్గర ఆగి, ఒక చొక్కా ఎత్తి చూపి, ఆయన వచ్చే రోజుకు ఇది ఇస్త్రీ చేస్తే బాగుంటుందా అని అడిగింది.

దుఃఖంతో ఆమెకు మతి చెదిరిందనుకున్నాడు రిగోబెర్తో.

పావురాన్ని వదలాల్సింది ఎవేలియో బతకకపోతేనే.