భుజం మీద నాలుగు వేళ్ళు

ఈ ఇంట్లో దుమ్ముకు ఉన్న ఓపిక మనుషులకు లేదు. అల్లుడు పాత నెగటివ్‌ను రబ్బరు బుడ్డితో ఊది, మెత్తటి గుడ్డతో తుడిచి, ఊపిరి బిగబట్టి స్కానర్‌లో పెట్టాడు. అయినా తెర మీద అత్తగారు, పక్కన మామగారు, ఒళ్ళంతా తెల్ల చుక్కలతో ప్రత్యక్షమయ్యారు.

"ఈ ముచ్చటకేనా స్కానర్ కొన్నది?" అంది భార్య.

పౌరుషం వచ్చి దుమ్ము తీసే మీట నొక్కాడు. చుక్కలతోపాటు అత్తగారి కళ్ళలో మెరుపు కూడా పోయింది. ఫిల్ము గరుకు తగ్గించే మీట నొక్కాడు. ముఖం ఒలిచిన గుడ్డులా నున్నబడింది.

భార్య ముక్కు చీదింది. "అమ్మ అప్పుడే పోయినట్టుందండీ."

ఆ ఏడుపుకో కారణం ఉంది. ఈమధ్య అత్తగారి వాలకం బాగాలేదు. ఒళ్ళంతా పరీక్షలు చేయించుకున్నారు. ఏం తేలిందో చెప్పలేదు. పాత సామాను పంచిపెట్టేశారు. "ఇంక ఎన్నాళ్ళో మీ ఇంట్లో ఉండన్లే" అన్నారు. ఆపైన, "నాదో మంచి ఫోటో చేసిపెట్టండి అల్లుడుగారూ, అవసరం పడుతుంది" అన్నారు. గోడ మీద దండ వేసిన మామగారి పటం పక్కనున్న ఖాళీని చూసి కూతురు కళ్ళనీళ్ళు కుక్కుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నోట ఒక్క మెప్పుకూ నోచుకోని అల్లుడికి ఇదే ఆఖరి అవకాశం.

అంతలో అత్తగారే వచ్చి తెర వైపు వంగారు.

"పక్కన ఆయనెందుకు? నన్నొక్కదాన్నే ఉంచండి."

"నాన్నకి విడిగా పటం ఉందిగా" అని భార్య మెల్లిగా సర్దింది.

మామగారిని కత్తిరించాడు. అత్తగారి భుజం మీద ఆయన వేళ్ళు నాలుగు మిగిలిపోయాయి.

"అవీ తీసేయండి."

"గుర్తుగా ఉంటాయేమో అత్తయ్యగారూ."

"చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

పక్కనున్న బట్ట రంగు అరువు తెచ్చి ఒక్కో వేలూ చెరిపాడు. తిండి మానేసి కళ్ళలో మెరుపు మళ్ళీ పెట్టాడు. ముఖానికి కాస్త గరుకు వదిలాడు.

"ఇందులో మీరు మరీ చిన్నవారు. వేరే ఫోటో ఏదైనా..."

"పరవాలేదు, అలాగే ఉండనివ్వండి."

ఆవిడ చాలాసేపు చూసుకున్నారు. "ప్రాణం పోశారు" అన్నారు. ఇన్నేళ్ళకు దొరికిన మెప్పు ఇలాంటి వేళ దొరికిందేమిటా అని అల్లుడి కళ్ళు చెమర్చాయి.

అత్తగారు ఫోన్ తెరిచి ఒక నంబరు చూపించారు.

"దీనికి పంపండి."

"ఫ్రేము కట్టేవాడా అత్తయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

"కాదు బాబూ, పెళ్ళికొడుకు."