తిప్పని పేజీ

ఒక పాత ప్రేమ నవలలో నాయిక వ్యక్తిత్వం ఎలా ఎదిగిందో రవళి ఎం.ఏ. పరీక్షకు రాయాలి. అందుకే వారం రోజులుగా, బీడీలు చుట్టే తల్లి లచ్చవ్వ పక్కన కూర్చుని ఆ నవలను పైకి చదువుతోంది. అక్షరం రాని లచ్చవ్వే ఆమెకు విమర్శకురాలు.

"మొదట్ల ఎవలన్న ఒకటంటే తాను రెండనేది," అంది లచ్చవ్వ, ఆకు కత్తిరిస్తూ. "వాడొచ్చినంక దానికి నోరే లేకపాయె. గిది ఎదుగుడా?"

రవళి కాలు ఊపుతూ గడియారం వైపు చూసింది. రేపు పొద్దున్నే ఆమె పెళ్ళికి పిల్లవాడి తరఫువాళ్ళు ముహూర్తం పెట్టుకోవడానికి వస్తున్నారు.

ఇంకా నాలుగు పేజీలున్నాయి. వాటిలో ఏముందో రవళి ముందే చూసుకుంది. నాయిక కొలువు మానేసి నాయకుడి కారెక్కుతుంది.

గొంతు సవరించుకుని మళ్ళీ అందుకుంది.

"'నాకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడే పెళ్ళి వద్దు' అంది నాయిక. ఆ మాట ఇంట్లో చెప్పలేక పది రోజులుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు. తల్లి ముఖం చూస్తే నోరు పెగలడం లేదు..."

చదువుతూనే పోయింది. లచ్చవ్వ చేతులు ఆగిపోయాయి. సగం చుట్టిన బీడీ చేటలో పడింది.

"నువ్వు పేజీ తిప్పక శానసేపాయె, బిడ్డా."

రవళి తలెత్తలేదు. పుస్తకంలో దాచుకున్న నౌకరి కాగితం ఆమె వేళ్ళ కింద నలిగింది.

లచ్చవ్వ ఇంకో ఆకు అందుకుంది.

"గా నౌకరి ఏ ఊర్లనో, గది గూడ సదువు."