మూడో డీకోడర్

"లైటు సరిగ్గా పట్టవే! చేతులకి రోగమా?"

అంటూనే మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. ఆమె పెదవి చిట్లింది. రక్తం ముంజేత్తో తుడుచుకుని, టార్చి మళ్లీ ఇంజన్ మీదికి తిప్పింది.

బల్ల మీద మూరెడు పొడుగు ఆవిరి రైలింజన్ బొమ్మ. అతని తండ్రి ఏళ్ల తరబడి కూర్చుని చేత్తో చేసింది. పైనున్న బాయిలరు డొల్ల విప్పి పక్కన పెట్టాడు. లోపల మోటారు, దాని మీద గోరంత డీకోడర్. అది సరిగ్గా కూర్చుంటే చేతిలోని రిమోటు చెప్పినట్టల్లా ఇంజన్ వింటుంది. నడవమంటే నడుస్తుంది, ఆగమంటే ఆగుతుంది. ముందు దీపం వెలుగుతుంది, బొగ్గు పొయ్యిలో ఎర్రటి వెలుగు మినుకుమినుకుమంటుంది.

ఆమె భయమల్లా అదే.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే చెప్పేశాడు. "నాన్న ఇంజన్ నడిచిన రోజున ఈ బాల్కనీలోంచి దూకేస్తా. ఐదో అంతస్తు. ఈ గాయాలు భరించలేకే చచ్చానని చీటీ కూడా రాసిపెట్టా. నువ్వు చూస్తుండగానే. అప్పుడు తెలుస్తుంది నీకు, ఏడుపంటే ఏమిటో."

ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదు. కడుపు మీద అడ్డంగా పద్నాలుగు కుట్లు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. గడియారాలు బాగుచేసుకు బతికేవాడికి వేళ్లు పోతే ఇంకేం మిగిలింది? "లోపల గాయం ఇంకా పచ్చిగానే ఉంది, జాగ్రత్త" అని డాక్టరు అన్నప్పటినుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. అతను దగ్గితే పరుగెత్తుకొచ్చేది. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగితే తలుపు బాదేది. మధ్యాహ్నం కునుకు తీస్తే పక్కనే కూర్చుని ఛాతీ లేస్తోందా లేదా అని చూసేది. ఇంట్లో ఉన్న కత్తులు, బ్లేళ్లు, తాళ్లు అన్నీ మూటగట్టి పక్కింట్లో దాచింది.

"చాకిరీ చెయ్యడానికొచ్చి ఎన్నాళ్లు పడతారు పిన్నిగారూ ఈ తన్నులు?" అంది పక్కింటావిడ ఆ మూట అందుకుంటూ. "పోలీసులకి చెప్పరాదూ?"

"అమ్మో, పోలీసుల మాటెత్తకు తల్లీ. కొడితే కొట్టనీ. బతికుంటే అదే పదివేలు."

"నేనైతే ఈపాటికి చీపురు తిరగేసేదాన్ని."

సోల్డరింగ్ ఐరన్ పొగ కక్కుతోంది. నారింజరంగు తీగ, బూడిదరంగు తీగ మోటారుకు అతికించాడు. దీపాల తీగలు ముందే అయిపోయాయి. మిగిలిన వేళ్లతోనే ఎంత ఒద్దికగా చేస్తున్నాడో! ఆమె కళ్లార్పకుండా చూస్తోంది.

"ఇది మూడోది," అన్నాడు తలెత్తకుండా. "మొదటి రెండూ కాలిపోయాయి. మోటారు ఇనప చట్రానికి ఎక్కడా తగలకూడదు. తగిలిందా, డీకోడర్ బూడిదే. రెండుసార్లూ అన్నీ చూసుకునే నీళ్లు తాగడానికి లేచాను. వచ్చి కరెంటిస్తే భగ్గుమంది. ఎలాగంటావ్?"

"నాకేం తెలుసు నాయనా? అక్షరమ్ముక్క రానిదాన్ని."

"ఇందాక కూడా నీళ్లకి లేచాను కదూ?"

ఆమె టార్చి ఇంకో చేతికి మార్చుకుంది.

అతను కరెంటు పరీక్షించే మీటరు తీశాడు. ఒక ముల్లు మోటారుకీ, ఇంకోటి చట్రానికీ ఆనించాడు. అంతా సవ్యంగా ఉంటే అది నోరు మూసుకోవాలి. కీచుమంది. పట్టకారు సందులోకి దూర్చి మెల్లగా లాగాడు. కొసన తళుక్కుమంటూ చిన్న రేకు ముక్క. అతను రోజూ మింగే మాత్రల అట్టది.

రేకు ముక్కని విసిరికొట్టాడు. బల్ల మీదున్న ఇనప రైలు పట్టా ముక్క గాల్లోకి లేచింది. భుజం మీద ఒకటి, వీపు మీద రెండు. ఆమె బల్లకి తగిలి కూలబడింది, బల్ల మీది సుత్తి బాల్కనీ గుమ్మం దాకా దొర్లింది. జుట్టు పట్టి లేపి, కాలుతున్న ఐరన్ ముంజేతికి ఆనించాడు. చర్మం చుయ్యిమంది.

"నీ కడుపున పుట్టినవాడు మనిషేనా అసలు? చూడు! నువ్వు పెంచిన పెంపకం ఇదీ!" చొక్కా ఎత్తి కుట్లు చూపించాడు.

"నాదే తప్పు. నన్ను చంపెయ్. నువ్వు మాత్రం బతుకు. అంత గట్టిగా అరవకు నాయనా, కుట్లు ఊడతాయి."

అతను పకపకా నవ్వాడు. డొల్ల బిగించి ఇంజన్‌ని గుండ్రటి పట్టాల మీద పెట్టాడు. రిమోటు నొక్కాడు. దీపం వెలిగింది. పొయ్యి ఎర్రబడింది. ఇంజన్ ఒక్క కుదుపుతో కదిలి, బుద్ధిగా ఒక చుట్టు తిరిగింది.

"చూశావా నాన్నా," అన్నాడు. ఆ ఒక్క క్షణం గొంతు పసిపిల్లాడి గొంతులా ఉంది.

రెండో చుట్టు పూర్తి కాకముందే బాల్కనీ తలుపు గడియ తీశాడు.

ఆమె పాక్కుంటూ వెళ్లి కాళ్లు చుట్టేసింది. మొహం మీద తన్నాడు. పన్ను ఊడింది. వదల్లేదు. మళ్లీ తన్నాడు. ఒక చెయ్యి పట్టుతప్పింది. అతను అప్పటికే పిట్టగోడ మీద బోర్లా వాలాడు. ఆ పట్టుతప్పిన చేతికే, బల్ల మీంచి పడ్డ సుత్తి తగిలింది.

కళ్లు గట్టిగా మూసుకుని మోకాలి కింద ఒక్కటి వేసింది. ఎముక ఫటుక్కుమంది. కేక పెట్టి వెనక్కి పడ్డాడు. అయినా గోడ పట్టుకుని లేవబోయాడు. రెండో కాలి మీదా వేసింది.

"క్షమించు నాయనా, క్షమించు" అని ఏడుస్తూనే గదిలోకి ఈడ్చుకొచ్చింది. గడియ పెట్టింది. అంబులెన్సుకు ఫోను చేసింది. అతనికి స్పృహ తప్పింది. వేలు ముక్కు దగ్గర పెట్టి చూసింది. వెచ్చగా ఊపిరి తగిలింది.

అమ్మయ్య అనుకుంది, ఇతన్ని పొడిచి జైల్లో కూర్చున్న తన కొడుకు మీద ఉన్నది ఇంకా హత్యాయత్నం కేసే.