మామగారి సుత్తి

పాత ఫైబర్ పడవ కొంటున్నానని తెలిసి, మా మామగారు పిలవకుండానే సుత్తి పట్టుకుని వచ్చారు. ముప్పై ఏళ్లు పాత పడవలు బాగుచేసి అమ్మిన మనిషి. తనను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని ఆయనే చెబుతుంటారు.

"అడుగు రాయిలా ఉంటుందండీ. చుక్క నీరు దూరదు," అన్నాడు అమ్మే కుర్రాడు.

మామగారు అడుగంతా తట్టుకుంటూ వెళ్లారు. అంతటా ఖంగుమన్న పడవ ఇంజను కిందికొచ్చేసరికి దబ్బుమంది. చాకుతో గీరితే కొత్త రంగు కింద పాత అతుకు, దాని అంచునుంచి కుళ్లు వాసనతో నీరు.

"నడిసముద్రంలో మా అల్లుడు మునిగితే మా అమ్మాయి గతేంటి? ఈ అతుకు వేసినవాడు అన్నమే తింటున్నాడా?"

"ఏమోనండీ," అన్నాడతను వినయంగా. "తొమ్మిదేళ్ల కిందట మా నాన్నకు దీన్ని అమ్మింది మీరే. మేం వేసింది పైరంగొక్కటే. ఇందాక నేనన్న మాటలు కూడా ఆ రోజు మీరన్నవే."

మామగారు సుత్తి సంచిలో పెట్టేశారు. ఆ అతుకును అరచేత్తో ఒకసారి నిమిరారు.

"పడవ గట్టిదే అల్లుడుగారూ," అన్నారు. "తీసుకోండి."