టమాటా వరసలో లాటరీ

"తాళం వేసుందక్కా," అన్నాడు తమ్ముడు బఫూర్ ఫోన్లో, ఆఫీసు ముందు నుంచి.

పొకువా చేతిలో టమాటా జారి బుట్టలో పడింది. "సరిగ్గా చూశావురా? పచ్చ తలుపు, పైన గుండె బొమ్మ?"

"బొమ్మ ఉంది, బోర్డు ఉంది. మనుషులే లేరు. పొద్దున్నే సామాను బండికెత్తుకుని పోయారని పక్క కొట్టావిడ అంది. ఇంతకీ నువ్వు ఎంతమందికి అమ్మావే ఆ చీటీలు?"

ఎంతమందికేమిటి, సంతంతటికీ అమ్మింది! గుండెకు చిల్లున్న పిల్లల ఆపరేషన్ల కోసం లాటరీ అనీ, గెలిచినవాళ్ళకి కొత్త మూడు చక్రాల సామాను బండి అనీ రాజధాని అక్రా నుంచి ఒక కళ్ళద్దాల అమ్మాయి వచ్చి చెప్పింది. కమిషనిస్తామంది. పొకువా మాటంటే టమాటా వరసకి గురి. టమాటా వరస కొంటే మిరపకాయల వరస ఊరుకోదు. వాళ్ళు కొన్నాక పెండలం దుంపలవాళ్ళు మాత్రం ఆగుతారా? డ్రా ఇవాళ మధ్యాహ్నమే, ఇక్కడే, సంత నడిబొడ్డున.

ఫోను పెట్టేసి తలెత్తితే ఎదురుగా బిరాగో. మిరపకాయలమ్మే మనిషి, నోరు కూడా ఆ సరుకే.

"ఏం వదినా, మొహం అలా పీక్కుపోయింది? లాటరీవాళ్ళు దారిలో ఉన్నారా?"

"ఆఁ, వస్తున్నారు. వచ్చేస్తున్నారు."

"రావాలి మరి! రాకపోతే వాళ్ళ మొహాలు మాకేం తెలుసు? మాకు తెలిసిన మొహం నీదేగా!" అని పకపకా నవ్వింది బిరాగో. ఆమె కూతుళ్ళిద్దరూ వెనకాల పీటల మీద కూర్చుని ఉన్నారు. ఫుఫూ ముద్ద కోసం దుంపలు దంచే రోకళ్ళు రెండు పక్కనే గోడకి ఆనించి ఉన్నాయి. సంతలోకి రోకళ్ళెందుకని అడిగే ధైర్యం పొకువాకి లేకపోయింది.

ఆమె చూపు మళ్ళీ ఆ రోకళ్ళ మీదికే పోయింది. కిందటేడు అమోవా సంగతి ఎవరు మరిచిపోతారు? రోజూ కొట్టుకొట్టుకీ తిరిగి పొదుపు డబ్బు వసూలు చేసేవాడు, నెలాఖరున తిరిగిచ్చేవాడు. ఒక నెలాఖరున ఇవ్వలేకపోయాడు. ఎవరో "దొంగ!" అన్నారు. అంతే. రోకళ్ళతో మీదపడ్డారు; అడిగినవాళ్ళు లేరు, ఆగినవాళ్ళు లేరు. బ్యాంకులో కంప్యూటర్లు పనిచెయ్యలేదని సాయంత్రానికి తెలిసింది గానీ, అప్పటికి అమోవా లేడు. అతని అంత్యక్రియలకి సంతంతా సంతాపపు ఎర్రబట్టలు కట్టుకుని వెళ్ళింది, ఏడ్చింది, చందాలు కూడా వేసింది.

అయ్యో దేవుడా, పారిపోదామా? కుమాసీ ఊరికి పోయే వ్యాన్లు ఆగే చోటు సందు దాటితే వచ్చేస్తుంది. పొకువా మెల్లిగా సంచీ చంకలో పెట్టుకుని లేచింది.

"ఎక్కడికే తల్లీ?"

టమాటా రాణి. సంతలో టమాటా ధర ఎంతో, ఎవరి లారీ ముందు దించాలో తేల్చేది ఆ ముసలావిడే.

"మంచినీళ్ళకి, రాణమ్మా."

"కూర్చో. నీళ్ళు నేను తెప్పిస్తాగా. డ్రా అయ్యేదాకా నువ్వు నా కళ్ళముందే ఉండు."

కూర్చుంది. నీళ్ళొచ్చాయి, గ్లాసు పక్కన పెట్టేసింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక్కొక్కరే కొట్లు వదిలి వచ్చి చుట్టూ చేరుతున్నారు. నవ్వులు తగ్గుతున్నాయి.

అప్పుడు వినిపించింది లారీ హారను.

లారీ మీద ఎర్రగా తళతళలాడుతూ మూడు చక్రాల బండి! దాని పక్కనే గుండె బొమ్మ వేసిన డ్రమ్ము. కళ్ళద్దాల అమ్మాయి దిగింది. ఆమె వెనకాల పొడుగు చేతుల చొక్కాలో అంపోన్సా అనే ఆఫీసరు దిగాడు. పొకువా పరుగున వెళ్ళి అతని చెయ్యి పట్టేసుకుంది.

"మీ ఆఫీసుకి తాళం ఉందటగా!"

"అందరం ఇక్కడికొచ్చేస్తే తాళం వెయ్యకుండా వస్తామా అమ్మా?"

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఇక సంత పరీక్షలు మొదలుపెట్టింది. బిరాగో బండెక్కి నడిపి చూసింది. డ్రమ్మును బోర్లించి తట్టారు, లోపల చేతులు పెట్టి తడిమారు. పిల్లల ఆసుపత్రి నర్సుకి రాణమ్మే ఫోను చేసి మాట్లాడింది. "నిజమేనర్రా," అని ప్రకటించింది. ఈలలు, చప్పట్లు.

కొన్నవాళ్ళ పేర్లు రాసిన చీటీల సగాలు మడిచి డ్రమ్ములో పోస్తూ ఆఫీసరు ఆగాడు. "ఇంకొకటి మిగిలింది. అన్నీ అమ్ముడుపోతేగానీ డ్రా తియ్యకూడదు."

"వదిన కొంటుంది!" అంది బిరాగో. "మాకందరికీ అంటగట్టింది, తను మాత్రం ఒక్కటీ కొనలేదు. నమ్మకం లేకేమో!"

అందరూ నవ్వారు. ఈసారి పొకువా కూడా మనసారా నవ్వింది. డబ్బిచ్చి, గబగబా పేరు రాసి, మడిచి డ్రమ్ములో పడేసింది.

"మరి తీసేదెవరు? నేను తియ్యనా?" అన్నాడు అంపోన్సా.

"ఆ పొడుగు చేతుల చొక్కాతోనా? వద్దయ్యా!" అంది బిరాగో.

రాణమ్మ చెయ్యెత్తింది. "మా పొకువా తీస్తుంది. మా డబ్బు పట్టుకున్న చెయ్యి అది. తేడా వస్తే ఎవర్నడగాలో మాకు తెలిసుంటుంది."

పొకువాకి గుండె నిండిపోయింది. తలగుడ్డతో ఆమె కళ్ళకి గంతలు కట్టారు. డ్రమ్ము గిరగిరా తిప్పారు. చెయ్యి మోచేతిదాకా దించి, బాగా కలిపి, అడుగునుంచి ఒకటి లాగింది.

గంతలు విప్పారు. సంతంతా ఊపిరి బిగబట్టింది.

"చదువు వదినా, చదువు!"

పొకువా మడత విప్పింది.

చీటీ మీద ఉన్నది తన పేరే.