చేత్తో చుట్టే సున్న

"లేజరూ వద్దు, గీజరూ వద్దు. చేత్తో చెయ్యమను!" అన్నాడు బోర్డు తాత.

కౌన్సెలరమ్మకు ఒళ్ళు మండింది. ఆ కంటి ఆస్పత్రిలో ఆమె పని, ఏ ఆపరేషన్ ఎలా చేస్తారో రోగులకు విడమరిచి చెప్పి ఒప్పించడం. తన గదిలోకి వచ్చినవాళ్ళెవరూ "ఊఁ" అనకుండా బయటికి వెళ్ళలేదని ఆమెకు మహా గొప్ప. అలాంటిది పొద్దుటి నుంచి నోరు నొప్పి పుట్టేలా వాగినా ఈ తాత ఇసుమంతైనా కదల్లేదు. టోకెన్ తీసుకుని అందరితో పాటు వరసలో కూర్చుని వచ్చిన మనిషే. కానీ ఆ ధీమా చూస్తే ఆస్పత్రి ఆయనదే అనిపిస్తోంది.

దుకాణాలకు బోర్డులు రాయడం ఆయన వృత్తి. ఒక కన్ను చిన్నతనంలోనే పోయింది. మిగిలిన కంట్లో ఇప్పుడు శుక్లం ముదిరింది. ఆపరేషన్ బాగా జరిగితే మళ్ళీ కుంచె పట్టుకుంటాడు, తేడా వస్తే చేతికర్ర పట్టుకుంటాడు.

పైగా అక్కడ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఈ తాత గురించి ప్రత్యేకంగా పిలిచి మరీ చెప్పింది. "లేజరుకి ఒప్పిస్తావో, మన పెద్ద డాక్టరుగారి చేత చేయించుకోమంటావో నీ ఇష్టం. నా చేత్తో మాత్రం ఆయన కన్ను కోయను. ఖర్చు సంగతి ఎత్తకు, నేను చూసుకుంటాను."

అది విని కౌన్సెలరమ్మ ముక్కున వేలేసుకుంది. డాక్టరమ్మ పనితనం చూసి నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి డాక్టర్లో వచ్చి నిలబడతారు. "నా చెయ్యి ఉండగా మెషీనెందుకే?" అని నవ్వే మనిషి, ఒక బోర్డులు రాసే ముసలాయన దగ్గర జంకడమేమిటి?

కౌన్సెలరమ్మ ప్లాస్టిక్ కన్ను బొమ్మను ముందుకు జరిపి మళ్ళీ మొదలెట్టింది.

"తాతగారూ, మీ కంట్లో కటకం మసకబారింది. దాని మీద ఉల్లిపొరంత పల్చటి పొర ఉంటుంది. ఆ పొరలో సున్న చుట్టినట్టు గుండ్రంగా కిటికీ తియ్యాలి. అందులోంచి పాతది తీసేసి కొత్త కటకం పెడతారు. ఆ సున్న వంకరపోయి పొర చిరిగిందంటే పెద్ద తలనొప్పి. లేజరయితే అచ్చు గుద్దినట్టు చుడుతుంది."

"పెద్ద డాక్టరుగారు చేస్తే?"

"ఆయన చేత్తో చుడతారు. అనుభవం ఉన్న చెయ్యి."

"డాక్టరమ్మ చేస్తే?"

"ఆవిడే చుడుతుంది."

"అయితే ఆవిడే చుట్టాలి."

"అబ్బబ్బ! సున్నల సంగతి మీకేం తెలుసండీ?"

తాత మీసం దువ్వాడు. "బయట మీ ఆస్పత్రి బోర్డు చూశావా? అది నా రాతే. ఒక్క సున్నయినా వంకరపోయిందేమో చూపించు! కాస్త రంగు వెలిసింది. కన్ను రాగానే నేనే మళ్ళీ దిద్దుతాను. ఇంకెవరినీ దాని జోలికి రానివ్వను."

ఇక లాభం లేదని ఆమె ఫోనెత్తింది. "డాక్టరమ్మా, ఈయన నా వల్ల కాదు. ఇవాళ నాకు సున్నే."

ఆపరేషన్ గదిలోంచి మూతికి మాస్కుతోనే వచ్చేసింది డాక్టరమ్మ.

"నాన్నా, ఎందుకీ మొండితనం?"

పెద్దవాళ్ళు ఎవరొచ్చినా ఆవిడ నోట వచ్చే పిలుపు "నాన్నగారూ" అనే. కంగారులో ఇవాళ "గారు" ఎగిరిపోయినట్టుంది అనుకుంది కౌన్సెలరమ్మ.

"ఉన్నది ఒక్క కన్ను," అంది డాక్టరమ్మ. "దానికేమైనా అయితే నేను బతికుండగా మరిచిపోగలనా? ఇదిగో, తలుచుకుంటేనే ఎలా వణుకుతోందో!"

చాచిన చెయ్యి నిజంగానే వణుకుతోంది. ఆ చెయ్యి వణకడం కౌన్సెలరమ్మ ఎన్నడూ చూడలేదు.

తాత రంగు మరకల చేతులతో ఆ చేతిని అందుకున్నాడు. దుమ్ము దులిపినట్టు మెల్లగా నిమిరాడు.

"వణకనీ. బోర్డు ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకూ వణికేది. కుంచె ఆనించగానే ఎక్కడిదక్కడ ఆగిపోయేది. నీకూ అంతే. మెషీను మంచిదే, పెద్ద డాక్టరుగారూ మంచివారే, కాదన్నానా? కానీ ఊరందరి కళ్ళూ బాగుచేసిన చెయ్యి నా కంటి దగ్గరికొచ్చేసరికి పనికిరాదంటే నాకు నామోషీ."

డాక్టరమ్మ మోచేత్తో కళ్ళు ఒత్తుకుని నిటారుగా నిలబడింది. చెయ్యి చాచి తనే చూసుకుంది. ఈసారి వణకలేదు.

"రేపు పొద్దున మొదటి ఆపరేషన్ ఈయనదే. చేత్తోనే. నేనే చేస్తాను," అని చెప్పి గట్టిగా అడుగులేసుకుంటూ వెళ్ళిపోయింది.

కౌన్సెలరమ్మ నోరు వెళ్ళబెట్టింది. ఒప్పుకోవాల్సిన మనిషే అందరినీ ఒప్పించి కూర్చున్నాడు!

"చోద్యం కాకపోతే ఏమిటి తాతగారూ! అంత పెద్ద డాక్టర్ని పట్టుకుని 'నువ్వు' అనేశారు. పోనీ అది వదిలెయ్యండి. ఆవిడ సున్న చుడితే వంకరపోదని అంత గట్టిగా ఎలా చెబుతున్నారు? ఎప్పుడైనా చూశారా?"

తాత లేచి, చొక్కా సర్దుకుని, ఛాతీ విరుచుకున్నాడు.

"చూడ్డమేమిటమ్మా! నా కూతురి చెయ్యి పట్టుకుని పలక మీద మొట్టమొదటి సున్న చుట్టించింది నేనే!"